ఓడిన రోజు కోచ్ ఎక్కడ నిలబడతాడు

స్కూల్ గేమ్స్ రోజులు వస్తే మేడిపల్లి, కథలాపూర్, కోరుట్ల దిక్కు బడి గ్రౌండ్లలో సున్నం గీతలు పడతాయి. కబడ్డీ, ఖోఖో, వాలీబాల్. పెద్దగా ఖర్చు లేని ఆటలు కాబట్టి పల్లెబడుల్లో ఇవే ఎక్కువ. మండలంలో గెలిచిన జట్టు జిల్లాకు పోతుంది, ఓడిన జట్టు ఆటో ఎక్కి ఊరికి తిరిగొస్తుంది. ఆ ఆటో చుట్టూ వినిపించే మాటలు ఏ ఊరికి పోయినా ఇంచుమించు ఒకటే. "రెఫరీ వాళ్లదిక్కే ఉన్నడు." "మా పోరగాళ్లకు దమ్ము సాలలే." "వాళ్లకు మ్యాట్ ఉన్నది, మనకు మట్టే గద." ఈ మూడింటిలోనూ అంతో ఇంతో నిజం ఉండొచ్చు. కానీ 'వాళ్లను నేను సరిగ్గా తయారు చేయలేదు' అన్న మాట జట్టును తయారుచేసిన మనిషి నోటి నుంచి రావడం అరుదు. ఆ ఒక్క మాట ఎందుకు రాదు, వస్తే జట్టులో ఏం మారుతుంది అన్నది ఆలోచించవలసిన విషయం. ఎందుకంటే కోచ్ అంకితభావాన్ని మనం ఎప్పుడూ గంటలతో కొలుస్తాం. పొద్దున ఐదింటికే వస్తాడని, గొంతు పోయేదాకా అరుస్తాడని, పండుగ రోజు కూడా ప్రాక్టీస్ ఆపడని మెచ్చుకుంటాం. అవన్నీ మంచివే. అయితే అసలు కొలత ఓడిన రోజున ఆయన ఎక్కడ నిలబడ్డాడన్న దగ్గర ఉంది.

కబడ్డీ కోర్టులో ఒక్క పట్టును దగ్గరగా చూద్దాం. రైడర్ ఎడమ మూలకు వచ్చాడు. కార్నర్‌లో ఉన్న పిల్లవాడు వంగి చీలమండ పట్టాడు. పక్కన కవర్‌లో ఉన్నవాడు వెంటనే వచ్చి నడుము పట్టాలి. అర క్షణం ఆలస్యమైంది. రైడర్ కాలు విదిలించుకుని మధ్యగీత అందుకున్నాడు, కార్నర్ పిల్లవాడు అవుట్. స్కోరు పుస్తకంలో తప్పు వాడి పేరు మీదే పడుతుంది, చుట్టూ నిలబడ్డవాళ్లు తిట్టేదీ వాడినే. నిజానికి వాడు చేయవలసిన పని సరిగ్గానే చేశాడు. కవర్ కుర్రాడికి కూడా ఆట తెలుసు. లేనిదల్లా ఆ ఇద్దరూ కలిసి చేసిన సాధన. ఎప్పుడు కదలాలో ఒకరి ఒంటిని చూసి మరొకరు గ్రహించే అలవాటు వాళ్లకు కాలేదు. జట్టు ఆటల్లో చాలా ఓటములు ఇట్లాగే ఇద్దరి మధ్య మిగిలిపోయిన ఖాళీలో పుడతాయి. ఒక ఆటగాడి బద్ధకానికి ఆ ఆటగాడే జవాబు చెప్పాలి. ఇద్దరి మధ్య ఖాళీకి ఎవరు చెప్పాలి? అది ఏ ఆటగాడిదీ కాదు. దాన్ని చూడగలిగేవాడు, పూడ్చగలిగేవాడు గీత బయట నిలబడిన కోచ్ ఒక్కడే కాబట్టి అది ఆయనదే. సిరిసిల్ల మరమగ్గాల దగ్గర పనిచేసేవాళ్లకు ఈ సంగతి వేరుగా చెప్పనక్కర్లేదు. పడుగులో ఒక్క పోగు తెగితే మగ్గం ఆపి ముడి వేయాలి. ఆపకపోతే గజాల కొద్దీ బట్టలో గీత పడుతుంది. అప్పుడు పోగును తిట్టి లాభం లేదు, మగ్గం ఆపనివాణ్నే అడుగుతారు.

ఈ బాధ్యతను తనదిగా భావించిన మనిషి మన రాష్ట్రంలోనే ఉండేవారు. 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ వృత్తిరీత్యా బడిపంతులు. కాచిగూడ, చాదర్‌ఘాట్ బడుల్లో పాఠాలు చెప్పారు, వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి పిల్లల ఆటల బాధ్యత తీసుకున్నారు. అంటే ఇప్పుడు మన ఊళ్లలో పీఈటీ సార్ చేసే పనే. హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు, 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు శిక్షణ ఇచ్చారు. ఆ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. భారత జట్టు ఆయన చేతుల మీదుగానే 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చింది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 2024లో 'మైదాన్' సినిమా వచ్చేదాకా ఈ పేరు మన పిల్లలకు పెద్దగా తెలియకపోవడం బాధ కలిగించే విషయం.

రహీమ్ చేసిన పనుల్లో పతకాలకంటే ముందు చూడవలసినవి ఆయన పెట్టిన చిన్న చిన్న పోటీలు. డ్రిబ్లింగ్ చేయకూడదన్న నియమంతో మ్యాచ్‌లు ఆడించారు. బంతి కాళ్ల దగ్గరికి వచ్చీ రాగానే పక్కవాడికి అందించాలి, సొంతంగా దొర్లించుకుంటూ నలుగురిని దాటుకుని పోవడం కుదరదు. ఇది ఎంత లోతైన ఆలోచనో గ్రౌండ్‌లో దిగితే తెలుస్తుంది. బంతి రాకముందే పక్కవాడు ఎక్కడున్నాడో చూసి పెట్టుకోవాలి. ఇచ్చినవాడు ఆగిపోకుండా ఖాళీ చోటికి పరుగెత్తాలి. ఆటలో ఎంత నేర్పరి అయినా ఒంటరిగా మెరిసే అవకాశమే లేదు. అట్లాగే బలహీనమైన కాలితోనే ఆడాలన్న పోటీలు పెట్టారు. కుడికాలివాటం పిల్లవాడు ఎడమకాలితోనే బంతిని తన్నాలి. మొదట్లో బంతి ఎటో పోతుంది, చూసేవాళ్లు నవ్వుతారు. కొన్ని వారాలకు ఆ కాలు మాట వినడం మొదలుపెడుతుంది. 'ఈ పిల్లలకు పాస్ ఇవ్వడం రాదు' అన్నది ఫిర్యాదు. పాస్ తప్ప వేరే దారి లేని ఆటను కనిపెట్టడం బాధ్యత. మన ఊరి గ్రౌండ్‌లో కార్నర్‌నూ కవర్‌నూ జంటగా నిలబెట్టి, మిగతా ఐదుగురిని పక్కన కూర్చోబెట్టి, వాళ్లిద్దరి మీదికే రైడర్‌ను యాభైసార్లు పంపించడం కూడా ఇలాంటిదే. దానికి మ్యాట్ అక్కర్లేదు.

1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో భారత్ యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో చిత్తుగా ఓడింది. మనవాళ్లలో చాలామంది ఒట్టి కాళ్లతో ఆడారు. సాకులకు కొదవలేదు: వాతావరణం, అలవాటు లేని మైదానం, ఎదుటి జట్టు బలం. ఆ ఓటమి తర్వాత బూట్లు తప్పనిసరి అయ్యాయి. అంతకంటే ముఖ్యమైన మార్పు రహీమ్ ఆటను చూసే తీరులో వచ్చింది. ఆ రోజుల్లో ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచిన హంగరీ జట్టు ఆటతీరును శ్రద్ధగా గమనించి, తన ఆటగాళ్లు నిలబడే స్థానాలను, పాస్‌ల వేగాన్ని మార్చుకున్నారు. నాలుగేళ్ల తర్వాత మెల్బోర్న్‌లో భారత జట్టు ఆతిథ్య ఆస్ట్రేలియాను 4-2తో ఓడించింది. నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ కొట్టాడు. సెమీఫైనల్లో మళ్లీ అదే యుగోస్లావియా ఎదురైంది. ఓడిపోయాం, కానీ 4-1తో. ఈ రెండు స్కోర్ల మధ్య ఉన్న దూరమే నాలుగేళ్ల పని.

జకార్తా కథ ఇంకా స్పష్టమైన సాక్ష్యం. 1962 ఆసియా క్రీడల్లో తొలి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా 2-0తో మనల్ని ఓడించింది. థాయిలాండ్‌తో మ్యాచ్‌లో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. తల బాదుకునే వేళ అది. రహీమ్ జర్నైల్‌ను వెనుక నుంచి తీసి ముందుకు పంపి, సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించారు. కుట్లు పడ్డ తలతోనే జర్నైల్ సెమీఫైనల్లో దక్షిణ వియత్నాం మీద ఒక గోల్ చేశాడు. ఫైనల్‌కు గోల్‌కీపర్‌గా పీటర్ తంగరాజ్‌ను దించారు. ఫ్లూతో బాధపడిన ఆయన అంతకుముందు మ్యాచ్‌లకు దూరంగా ఉన్నాడు. ఈ నిర్ణయాలు బెడిసికొట్టి ఉంటే తప్పు మొత్తం రహీమ్ మీదే పడేది. అది తెలిసే చేశారు. సెప్టెంబర్ 4న ఫైనల్లో ఎదుట ఉన్నది మళ్లీ దక్షిణ కొరియానే. క్రీడల చుట్టూ నడిచిన రాజకీయ వివాదం వల్ల స్టేడియం నిండా జనం భారత్‌కు వ్యతిరేకంగా అరుస్తున్నారు. పీకే బెనర్జీ 17వ నిమిషంలో ఒక గోల్, జర్నైల్ సింగ్ 20వ నిమిషంలో ఇంకొకటి కొట్టారు. 2-1తో స్వర్ణం మనదైంది. అప్పటికే రహీమ్ ఆరోగ్యం దెబ్బతింది. ఆ తర్వాత తొమ్మిది నెలలకే, 1963 జూన్ 11న, ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో కన్నుమూశారు.

ఆటగాళ్లే అంత గొప్పవాళ్లైనప్పుడు కోచ్ గొప్పతనం ఏముందని ఎవరైనా అడగవచ్చు. చునీ గోస్వామి, పీకే బెనర్జీ, తులసీదాస్ బలరాం లాంటివాళ్లు ఉంటే ఎవరు నిలబడ్డా గెలుస్తారు కదా అన్నది ఆ వాదన. అందులో సగం నిజం. ప్రతిభ లేని జట్టును ఏ కోచ్ కూడా ఒలింపిక్స్‌కు తీసుకుపోలేడు. మిగతా సగం చూడాలంటే ఆ ముగ్గురూ ఎక్కడివాళ్లో గుర్తు చేసుకోవాలి. గోస్వామి మోహన్ బగాన్, బలరాం ఈస్ట్ బెంగాల్, బెనర్జీ ఈస్టర్న్ రైల్వే. కలకత్తా మైదానంలో ఏడాది పొడవునా ఒకరినొకరు ఓడించుకునేవాళ్లు. వాళ్లను ఒకరి పాస్ కోసం ఒకరు పరుగెత్తేలా చేయడం వాళ్ల ప్రతిభ వల్ల దానంతట అదే జరిగేది కాదు. పైగా బలరాం లాంటి ప్రతిభ బయటపడిందే ఎవరో పట్టించుకోబట్టి. సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలో పేదింట పెరిగిన ఆ కుర్రాడికి శిక్షణకు రావడానికి సైకిల్ అద్దె డబ్బులు కూడా రహీమే ఇచ్చారని బలరాం తర్వాతి కాలంలో చెప్పుకున్నారు. మరి అదే రహీమ్ సొంత కొడుకు హకీమ్ 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టులో ఉన్నాడు, కానీ ఒక్క మ్యాచ్‌లో కూడా మైదానంలో దిగలేదు. మండల జట్టు ఎంపికలో 'మనోడు', 'ఫలానా ఆయన కొడుకు' అన్న మాటలు వినిపించే చోట ఈ సంగతి పదేపదే చెప్పుకోవాలి. ఎంపిక జాబితా కోచ్ బాధ్యతకు మొదటి పరీక్ష. అక్కడ తప్పితే ఆ తర్వాత చేసిన సాధన ఎంతైనా పిల్లలు నమ్మరు.

ఇంకో అభ్యంతరం దీనికంటే బరువైనది. బాధ్యత మొత్తం నాదే అనే కోచ్ చివరికి పెత్తందారు అవుతాడని, అంకితభావం పేరుతో పిల్లల బతుకంతా గుప్పిట్లో పెట్టుకుంటాడని భయం. ఈ భయానికి కారణాలు ఉన్నాయి. 2016 రియో ఒలింపిక్స్‌కు ముందు బ్యాడ్మింటన్ కోచ్ పుల్లెల గోపీచంద్ మూడు నెలలు పీవీ సింధు దగ్గర ఫోన్ ఉంచలేదన్నది అందరికీ తెలిసిన విషయం. సింధు రజతం తెచ్చింది కాబట్టి దాన్ని క్రమశిక్షణ అన్నాం. అదే పని ఇంకెవరో, గెలవని పిల్లతో చేస్తే ఏమనేవాళ్లం? తేడా ఎక్కడుందంటే, ఆ నియమం ఎవరి మంచి కోసం, ఎంతకాలం, ఎవరి సమ్మతితో అన్న దగ్గర ఉంది. గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచిన ఆటగాడు, అకాడమీ కోసం సొంత ఇంటిని తాకట్టు పెట్టిన మనిషి. తాను వదులుకున్నది కళ్లముందు ఉండగా పిల్లలను కొంత వదులుకోమని అడిగారు. సైనా నెహ్వాల్ 2014లో ఆయన్ని వదిలి విమల్ కుమార్ దగ్గరికి వెళ్లి, 2017లో తిరిగి వచ్చింది. వెళ్లే దారీ, తిరిగొచ్చే దారీ రెండూ తెరిచి ఉన్నాయంటే అది గుప్పిట్లో పెట్టుకోవడం కాదు. ఇక కర్ర పట్టుకోవడం, చెంప మీద కొట్టడం, అమ్మాయిల ముందు అవమానించడం బాధ్యత కిందికి ఏ రకంగానూ రావు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో శారీరక దండనను, మానసిక వేధింపును నిషేధించింది. గ్రౌండ్ కూడా బడిలో భాగమే. కొట్టే కోచ్ తన తప్పును పిల్లవాడి ఒంటి మీద రాస్తున్నాడు. తాను నేర్పలేనిదానికి వాడు దెబ్బలు తింటున్నాడు.

మూడో అభ్యంతరం పీఈటీలు, ఊరి సీనియర్లు చెప్పేది, మనం గౌరవంగా వినవలసింది. జీతం అరకొర, కొన్నిచోట్ల అదీ లేదు. బడికంతటికీ ఒక్కరే వ్యాయామ ఉపాధ్యాయుడు. ఆయనకే పరీక్షల డ్యూటీ, ఇతర పనులు. బంతి సొంత డబ్బుతో కొనాలి. 2022లో ఊరూరా తెలంగాణ క్రీడా ప్రాంగణాలు పెట్టారు గానీ బోర్డు ఉన్నంత మాత్రాన ఆటస్థలం ఆడటానికి పనికివస్తుందని లేదు. ఇట్లాంటి చోట వ్యక్తిగత బాధ్యత గురించి మాట్లాడటం, వ్యవస్థ చేయని పనిని ఒక మనిషి నెత్తిన వేయడమే కదా? ఈ ప్రశ్నకు ఎదురు చెప్పలేను. మ్యాట్, జీతం, గ్రౌండ్ కోచ్ బాధ్యత కావు. వాటికి ప్రభుత్వం, పంచాయతీ జవాబు చెప్పాలి. అయినా ఒకటి గమనించాలి. ఏది తన చేతిలో లేదో నిజాయితీగా చెప్పగలిగేవాడు, ఏది తన చేతిలో ఉందో కూడా అంతే నిజాయితీగా చెప్పగలగాలి. పిల్లలు ఎన్ని రోజులు కలిసి ప్రాక్టీస్ చేశారు, ఎవరిని ఏ స్థానంలో ఆడించారు, వరుసగా రెండు రైడ్లు ఖాళీగా పోయాక డూ ఆర్ డై రైడ్‌కు ఎవరిని పంపారు, గాయపడ్డ పిల్లవాణ్ని ఆడించారా ఆపారా. ఇవన్నీ మట్టి కోర్టులో కూడా ఆయన చేతిలోనివే. ఒట్టి కాళ్ల కాలంలో ఒక బడిపంతులు మొదలుపెట్టింది కూడా అక్కడి నుంచే.

మన ప్రాంతానికి వస్తే ఆ 'చేతిలో ఉన్న పని' గ్రౌండ్ గీత దగ్గర ఆగదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పల్లెల్లో ఎందరో తండ్రులు గల్ఫ్‌లో ఉన్నారు. తల్లులు బీడీలు చుడతారు, అమ్మాయిలు చేతిసాయం చేస్తారు. తొమ్మిదో తరగతి అమ్మాయి సాయంత్రం ఖోఖో ప్రాక్టీస్‌కు రావాలంటే ఇంట్లో ఆ రోజు చుట్టవలసిన బీడీల లెక్క తప్పుతుంది. జిల్లా పోటీలకు పోవాలంటే వెంట ఎవరొస్తారు, రాత్రికి ఎక్కడ ఉంటారు, ఎన్నింటికి తిరిగొస్తారు అని నాయనమ్మ అడుగుతుంది. 'ఆమె ప్రాక్టీస్‌కు సరిగ్గా రాదు' అని జాబితాలోంచి పేరు కొట్టేయడం సులువు. ఇంటికి పోయి ఆ మూడు ప్రశ్నలకు జవాబు చెప్పి, వెంట ఒక టీచరమ్మను పంపే ఏర్పాటు చేసి రావడం కోచింగ్‌లో భాగమే. వరంగల్ జిల్లా కల్లెడకు చెందిన దీప్తి జీవంజి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల టీ20 విభాగంలో కాంస్యం తెచ్చింది. ద్రోణాచార్య గ్రహీత నాగపురి రమేష్ శిక్షణ ఆమెకు అందింది. దానికి ముందు ఆ అమ్మాయి పరుగును మొదట గుర్తించింది ఊరి బడిలోని వ్యాయామ ఉపాధ్యాయుడే. ఆ మొదటి చూపు లేకపోతే తర్వాతిది ఏదీ లేదు.

అయితే కోచ్ తప్పును నెత్తిన వేసుకుంటే ఆటగాళ్లు బాధ్యత మరిచిపోరా అంటే, మరిచిపోరు. పెద్దవాడు తన వంతు ఒప్పుకున్న చోట పిల్లలు తమ వంతు దాచరు. నిందకు భయపడే జట్టులోనే ఒకరి మీద ఒకరు చెప్పుకుంటారు.

రహీమ్ కథలో మనం తప్పించుకోలేని చివరి భాగం ఒకటుంది. ఆయన పోయాక భారత ఫుట్‌బాల్ ఒక్కరోజులో కూలిపోలేదు. 1964లో ఆసియా కప్‌లో రెండో స్థానం వచ్చింది, 1970లో బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం వచ్చింది. స్వర్ణం మాత్రం 1962 తర్వాత ఇప్పటిదాకా రాలేదు, ఒలింపిక్స్ సెమీఫైనల్ మళ్లీ చూడలేదు. ఒక మనిషి భుజాల మీద అంత బరువు నిలబడిందంటే అది ఆయన గొప్పతనం, పక్కన ఇంకో భుజం సిద్ధం చేయకపోవడం సంఘాల తప్పు. మన ఊళ్లలోనూ అంతే. మంచి పీఈటీ సార్ బదిలీ అయిన ఏడాదే ఆ బడి జట్టు కనిపించకుండా పోతుంది. సీనియర్ కుర్రాడు దుబాయ్ పోతే ఊరి కబడ్డీ ఆగిపోతుంది. ఆటగాడికీ ఆటగాడికీ మధ్య ఖాళీని పూడ్చినట్టే, తనకూ తన తర్వాత వచ్చేవాడికీ మధ్య ఖాళీని పూడ్చడం కూడా కోచ్ పనే. తొమ్మిదో తరగతిలో బాగా ఆడే ఇద్దరికి ఆరో తరగతి పిల్లల ప్రాక్టీస్ అప్పగించడం, ఏ రోజు ఏం చేయించారో నోటుబుక్కులో రాయించడం. దీనికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఎవరి నిధులూ అక్కర్లేదు.

ఈసారి మీ ఊరి పిల్లలు మండల పోటీలకు పోయి ఓడి వస్తే, రెఫరీ గురించి అడగకముందు సార్‌ను ఒక మాట అడగండి: వీళ్లు ఎన్ని రోజులు కలిసి ఆడారు? తక్కువ రోజులే అంటే ఎందుకో కూడా అడగండి. బంతి లేకనైతే బంతి కొనివ్వండి, గ్రౌండ్‌లో ముళ్లకంప ఉంటే ఒక ఆదివారం పదిమంది పోయి కొట్టేయండి, అమ్మాయిల వెంట పోయే తోడు లేకపోతే మీ ఇంటి నుంచి ఒకరిని పంపండి. అవన్నీ ఉండి కూడా పిల్లలు కలిసి ఆడలేదంటే, అప్పుడు సార్ జవాబు చెప్పాలి.